బ్రేకు డిస్కు ఆకారం మారితే కారు త్వరగా ఆగుతుందా?
కిరుమాంబాక్కం (పుదుచ్చేరి): పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే జాతీయ రహదారి బాహూర్ ప్రాంతంలోని కిరుమాంబాక్కం మీదుగా సాగుతుంది. ఒక వైద్య కళాశాల, ఒక ఇంజినీరింగ్ కళాశాల ఉన్న ఊరు కావడంతో బస్సులు, లారీలు, కార్లు, ద్విచక్ర వాహనాలు, పాదచారులు ఒకే దారిని పంచుకుంటారు. వేగంగా వచ్చే కారు ఉన్నట్టుండి ఆగవలసిన సందర్భాలు ఇటువంటి దారుల్లో నిత్యం ఎదురవుతూనే ఉంటాయి. ఆ క్షణంలో రెండు మీటర్ల తేడా కూడా ప్రాణాలను కాపాడవచ్చు లేదా తీయవచ్చు.

సరిగ్గా ఈ భయాన్ని, ఈ ఆశను ఆసరాగా చేసుకుని విపణిలో అమ్ముడవుతున్న వస్తువు ఒకటుంది. అది కారుతో పాటు కంపెనీ ఇచ్చిన గుండ్రని, నున్నని బ్రేకు డిస్కు స్థానంలో బిగించుకునే విచిత్రాకార డిస్కు. కొన్నింటి నిండా రంధ్రాలుంటాయి. కొన్నింటిపై వంపు తిరిగిన గాట్లుంటాయి. మరికొన్నింటి అంచు పూరేకుల్లాగా, అలల్లాగా వంకర్లు తిరిగి ఉంటుంది. చక్రం చువ్వల మధ్య నుంచి చూస్తే పందెపు కారును తలపిస్తాయి. వీటితో బ్రేకు పట్టు పెరుగుతుందని, వేడి తగ్గుతుందని, కారు తక్కువ దూరంలో ఆగుతుందని ప్రచారం సాగుతుంటుంది. ఇందులో నిజమెంత, నిజం ఉన్నచోట దానికి చెల్లించవలసిన మూల్యమెంత అన్నవి పరిశీలించదగిన ప్రశ్నలు.

వేగాన్ని వేడిగా మార్చే యంత్రం

బ్రేకు చేసే పని ఒక్కటే. కదిలే కారులోని గతిశక్తిని ఉష్ణశక్తిగా మార్చడం. ప్రయాణికులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు దానిలో సుమారు 580 కిలోజౌళ్ల గతిశక్తి ఉంటుంది. దాదాపు 1.8 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి సరిపోయే శక్తి అది. గట్టిగా బ్రేకు వేస్తే మూడు, నాలుగు సెకన్లలో ఈ శక్తి అంతా వేడిగా మారి, అత్యధిక భాగం డిస్కుల్లోకి చేరుతుంది.

బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కనుక ముందు చక్రాల మీదే భారం ఎక్కువ. 70 శాతం పని ముందు డిస్కులదే అనుకుంటే, ఒక్కో ముందు డిస్కుకు సుమారు 200 కిలోజౌళ్ల వేడి చేరుతుంది. డిస్కు బరువు 7 కిలోలైతే, గాలికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, ఒక్కసారి ఆపడంతో దాని ఉష్ణోగ్రత 58 డిగ్రీల మేర పెరుగుతుంది. అదే డిస్కు 6 కిలోలైతే పెరుగుదల 68 డిగ్రీలు. అంటే డిస్కులోని ఇనుము ఊరికే మోయవలసిన బరువు కాదు. వేడిని తాత్కాలికంగా దాచుకునే గాదె అది. గాదెను చిన్నది చేస్తే అది త్వరగా నిండుతుంది. ఆకారం మార్పుపై జరిగే చర్చలో తరచుగా మరుగున పడే సత్యం ఇదే.

కార్ల డిస్కులను సాధారణంగా పోత ఇనుముతో తయారు చేస్తారు. ఇందులో 3 నుంచి 4 శాతం వరకు ఉండే కర్బనం, పొరలు పొరలుగా పేరుకున్న గ్రాఫైట్ రూపంలో ఉంటుంది. ఆ పొరలు వేడిని వేగంగా వ్యాపింపజేస్తాయి, కంపనాన్ని, చప్పుడును అణచివేస్తాయి. ముందు చక్రాల డిస్కులు చాలావరకు రెండు పలకలుగా ఉండి, వాటి మధ్య సన్నని గోడలతో వాయుమార్గాలు ఉంటాయి. చక్రం తిరుగుతున్నప్పుడు ఈ మార్గాలు నడిమి నుంచి గాలిని పీల్చి అంచు వైపు విసురుతాయి. కారు డిస్కును చల్లబరిచే ప్రధాన ఏర్పాటు లోపల దాగిన ఈ గాలి దారే. బయటి ముఖం మీద కనిపించే అలంకారం కాదు.

కారును ఆపేది రోడ్డు మీది టైరు

డిస్కు చక్రాన్ని ఆపుతుంది. కారును ఆపేది రోడ్డును పట్టుకున్న టైరు. ఈ తేడా తెలిస్తే సగం సందేహం తీరుతుంది.

పొడి రోడ్డు మీద మంచి టైరుకు ఘర్షణ గుణకం సుమారు 0.8 అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు పూర్తిగా ఆగడానికి బ్రేకు పట్టుకున్న తరువాత సుమారు 49 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద ఆ గుణకం 0.5కు పడిపోతే దూరం దాదాపు 79 మీటర్లకు పెరుగుతుంది. ఈ లెక్కలో డిస్కు ఆకారానికి చోటే లేదు. వేగం, టైరు పట్టు, భూమ్యాకర్షణ మాత్రమే ఉన్నాయి. వీటికి తోడు ప్రమాదాన్ని చూసి చోదకుడు పెడలు నొక్కడానికి ఒక్క సెకను పట్టినా, ఆ సెకనులోనే కారు మరో 28 మీటర్లు ముందుకు పోతుంది.

చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థను భారత్‌లో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి చేశారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు పెడలు కింద టకటకమని అదిరినట్లు తెలిస్తే ఏబీఎస్ పని చేస్తున్నదని అర్థం. అంటే టైరుకు ఉన్న పట్టు అంతా అప్పటికే వాడుకలోకి వచ్చింది. ఉన్న డిస్కులే చక్రాన్ని ఆ స్థితికి తేగలిగినప్పుడు, మరింత పట్టు ఇస్తుందని చెప్పే డిస్కు చేయగలిగింది మిగలదు. అదనపు బలాన్ని ఏబీఎస్ తిరిగి తగ్గించివేస్తుంది. సక్రమంగా ఉన్న ఆధునిక కారులో అత్యవసరంగా ఒకసారి ఆగవలసి వచ్చినప్పుడు డిస్కు ఆకారం ఆగే దూరాన్ని తగ్గించలేకపోవడానికి కారణం ఇదే.

ఇటుక చెప్పే పాఠం

రంధ్రాలు, గాట్లు ఉంటే ప్యాడ్ ‘గట్టిగా కరుచుకుంటుంది’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. పాఠశాలలో చేయించే ఇటుక ప్రయోగం ఇక్కడ ఉపకరిస్తుంది. ఇటుకను వెడల్పు వైపు పడుకోబెట్టి లాగినా, సన్నని అంచు మీద నిలబెట్టి లాగినా కావలసిన బలం దాదాపు ఒక్కటే. ఘర్షణ బలం తాకే వైశాల్యంపై కాక, నొక్కే బలంపైనా, ఆ రెండు పదార్థాల స్వభావంపైనా ఆధారపడుతుంది.

బ్రేకుకూ ఇదే సూత్రం. చక్రాన్ని నిలువరించే శక్తిని నిర్ణయించేవి మూడు: కాలిపర్ ప్యాడ్లను ఎంత బలంగా నొక్కుతున్నది, ప్యాడ్‌కు డిస్కుకు మధ్య ఘర్షణ గుణకం ఎంత, ఆ ఒత్తిడి చక్రం కేంద్రం నుంచి ఎంత దూరంలో పడుతున్నది. డిస్కు వ్యాసం పెద్దదైతే మూడో అంశం పెరిగి నిజంగానే బలం పెరుగుతుంది. కానీ అదే వ్యాసంలో ఆకారం మాత్రమే మారితే మొదటి, మూడో అంశాలు మారవు. రెండో అంశంలో మార్పు కావాలంటే ప్యాడ్ పదార్థాన్ని మార్చడమే సూటి మార్గం.

పెద్ద డిస్కు కూడా వట్టి లాభం కాదు. ముందు చక్రాలకు మాత్రమే పెద్ద డిస్కులు బిగిస్తే, ముందు వెనుక చక్రాల మధ్య కారు తయారీదారు లెక్కగట్టి పెట్టిన బ్రేకు సమతౌల్యం దెబ్బతింటుంది. ముందు టైర్లు తమ హద్దుకు ముందే చేరుకుంటాయి, వెనుక టైర్ల పట్టు వృథా అవుతుంది.

రంధ్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి

డిస్కు బ్రేకు ఆలోచన పాతదే. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందారు. అయితే 1953లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో డన్‌లప్ డిస్కు బ్రేకులు బిగించిన జాగ్వార్ సీ-టైపు కారు గెలిచిన తరువాతనే ప్రపంచం దృష్టి దానిపై పడింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో సాధారణ కొనుగోలుదారుల ముందుకు వచ్చింది.

ఆనాటి ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్‌ను, దాన్ని పట్టి ఉంచే జిగురు పదార్థాలను వాడేవారు. పందెంలో అవి మితిమీరి వేడెక్కినప్పుడు జిగురు కాలి వాయువులు వెలువడేవి. ఆ వాయువు ప్యాడ్‌కు, డిస్కుకు మధ్య పలుచని పొరగా చేరి పట్టును తగ్గించేది. రంధ్రాలు పెడితే ఆ వాయువు బయటికి పోయే దారి దొరికింది. రంధ్రాల డిస్కు పుట్టుకకు ఉన్న ప్రధాన హేతువు ఇది. నేటి ప్యాడ్ల పదార్థాలు వేరు. చాలా రకాల ప్యాడ్ల పైపొరను కర్మాగారంలోనే అధిక వేడికి గురిచేసి, ఆ వాయువులను ముందే వెళ్లగొడతారు. రోగం చాలావరకు తగ్గిపోయినా మందు మాత్రం ఆకర్షణీయమైన రూపంతో నిలిచిపోయింది.

రంధ్రాలకు ఇప్పటికీ కొంత ఉపయోగం ఉంది. వానలో డిస్కు ముఖం మీద ఏర్పడే నీటి పొరను త్వరగా చెదరగొట్టి, పెడలు నొక్కిన తొలి క్షణంలో స్పందనను కొద్దిగా మెరుగుపరుస్తాయి. పోర్షే వంటి తయారీదారులు కొన్ని కార్లకు రంధ్రాల డిస్కులను స్వయంగా అందిస్తున్నారు. అయితే అవి ఆరంభం నుంచీ రంధ్రాల కోసమే రూపొందించినవి. లోపలి గోడలకు తగలకుండా రంధ్రాల స్థానాలను నిర్ణయిస్తారు, అంచులను నునుపుగా వాలుచెక్కుతారు. నున్నగా ఉండవలసిన మామూలు డిస్కుకు తరువాత తొలిచిన రంధ్రాలకు ఈ జాగ్రత్తలు ఉంటాయన్న హామీ లేదు.

నష్టం ఏమిటంటే, ప్రతి రంధ్రం అంచు వద్ద లోహంలోని ఒత్తిడి గుమిగూడుతుంది. డిస్కు వేడెక్కినప్పుడు వ్యాకోచించి, చల్లారినప్పుడు సంకోచిస్తుంది. ఇలా వేలసార్లు జరిగితే రంధ్రం అంచున వెంట్రుకవాసి పగులు పుడుతుంది. అది పక్క రంధ్రానికి పాకితే డిస్కు చీలిపోయే ముప్పు ఉంటుంది. పందెపు కార్లలో డిస్కులను తరచుగా తనిఖీ చేసి మార్చివేస్తారు. సొంత కారు డిస్కును ఏడాదికొకసారైనా విప్పి చూసేవారు అరుదు.

ఫార్ములా 1 కార్ల డిస్కులకు వెయ్యికి పైగా రంధ్రాలు ఉంటాయన్నది నిజమే. అయితే అవి ప్యాడ్ తాకే ముఖం మీద ఉండవు. గాలి ప్రవహించడానికి డిస్కు మందంలో, అంచు నుంచి నడిమి వైపు తొలిచినవి. పైగా ఆ డిస్కు ఇనుము కాదు, కర్బన మిశ్రమం. ఆ పోలికను ముఖం మీద రంధ్రాలున్న ఇనుప డిస్కుకు అంటగట్టడం సరికాదు.

గాట్లు, అలల అంచులు

ముఖం మీద సన్నని కాలువల్లాగా చెక్కిన గాట్లు డిస్కును ఆసాంతం తొలిచిపోవు కనుక పగుళ్ల భయం రంధ్రాలకన్నా తక్కువ. ఇవి ప్యాడ్ ఉపరితలాన్ని ప్రతి చుట్టులో కొద్దికొద్దిగా గీకి, కాలి నున్నబడిన పొరను తొలగిస్తూ కొత్త పొరను బయటపెడతాయి. దుమ్మును, నీటిని పక్కకు తోస్తాయి. ఎడతెగకుండా గట్టిగా బ్రేకు వేసే పందెపు బాటలో దీనితో పట్టు నిలకడగా ఉంటుంది. రోడ్డు మీది కారులో దీని ఫలితం ప్రధానంగా రెండు రూపాల్లో తెలుస్తుంది: ప్యాడ్లు త్వరగా అరగడం, బ్రేకు వేసినప్పుడు గుర్రుమనే శబ్దం రావడం.

పూరేకుల అంచు కథ ద్విచక్ర వాహనాలది. బురదలో పరుగెత్తే పందెపు మోటారు సైకిళ్లలో డిస్కు అంచు వంపులు ప్యాడ్లకు పట్టిన మట్టిని తుడిచివేస్తాయి. మోటారు సైకిల్ డిస్కు కొన్ని మిల్లీమీటర్ల మందం ఉండే ఉక్కు రేకు. అది బయటికి పూర్తిగా కనిపిస్తూ గాలికి తెరుచుకుని ఉంటుంది. అక్కడ కొన్ని గ్రాముల బరువు తగ్గినా చక్రం తిప్పడం, వాలడం తేలికవుతాయి. భారత్‌లో టీవీఎస్ అపాచీ వంటి బండ్ల ద్వారా ఈ రేకుల డిస్కు సాధారణ యువతకు సుపరిచితమైంది.

కార్లలోనూ ఈ ఆకారం లేకపోలేదు. జర్మనీకి చెందిన ఆడి సంస్థ ఆర్ఎస్ 6 వంటి శక్తిమంతమైన కార్లకు అలల అంచు డిస్కులు ఇచ్చింది. వాటి ప్రయోజనంగా ఆ సంస్థ చెప్పుకున్నది సుమారు 3 కిలోల బరువు తగ్గింపు. స్ప్రింగులకు దిగువన ఉండే బరువు తగ్గితే గతుకుల మీద చక్రం రోడ్డును మెరుగ్గా అంటిపెట్టుకుంటుంది. అయితే ఆ డిస్కులు చాలా పెద్దవి. అంచున కొంత లోహం తీసివేసినా వేడిని దాచుకునే గాదె మిగిలే ఉంటుంది. చిన్న కారు డిస్కుకు అటువంటి మిగులు ఉండదు. అంతేకాక అంచు వంపుల వద్ద ప్యాడ్ పైభాగం ఒకసారి ఇనుమును, మరోసారి ఖాళీని తాకుతుంది. కాలిపర్, ప్యాడ్ ఆ డిస్కుకు తగినట్లు లేకపోతే ప్యాడ్ ఎగుడుదిగుడుగా అరుగుతుంది, పెడలులో అదురు పుడుతుంది.

కంప్యూటరు చూపే రంగుల పటం

కిరుమాంబాక్కంలోని రాజీవ్ గాంధీ ఇంజినీరింగ్, సాంకేతిక కళాశాల వంటి సంస్థలు దక్షిణాది అంతటా ఉన్నాయి. మెకానికల్ విభాగం విద్యార్థులు చివరి సంవత్సరంలో ఎంచుకునే ప్రాజెక్టుల్లో బ్రేకు డిస్కు ఉష్ణ విశ్లేషణ ఎంతో ప్రసిద్ధమైనది. నున్నని డిస్కును, రంధ్రాల డిస్కును, అలల డిస్కును కంప్యూటరులో గీసి, వేడి ఎక్కడ ఎంత పేరుకుంటుందో రంగుల పటంలో చూపుతారు. తరచుగా రంధ్రాల డిస్కు చల్లగా ఉన్నట్లు ఫలితం వస్తుంది. ఆ ఫలితం ఎలా వస్తుందో తెలుసుకోవడం అవసరం.

ఉదాహరణకు 280 మిల్లీమీటర్ల వ్యాసం గల డిస్కుకు 6 మిల్లీమీటర్ల రంధ్రాలు 48 పెట్టామనుకుందాం. రెండు పలకలూ ఒక్కొక్కటి 7 మిల్లీమీటర్ల మందం. తొలగిపోయిన ఇనుము 140 గ్రాములకు మించదు. అంటే 7 కిలోల డిస్కులో 2 శాతం మాత్రమే. అదే సమయంలో రంధ్రాల లోపలి గోడల వల్ల గాలి తాకే ఉపరితలం పెరుగుతుంది. బయటి ముఖం మీద గాలి ఎంత చురుకుగా వేడిని తీసుకుపోతుందో, సన్నని రంధ్రం లోపల కూడా అంతే తీసుకుపోతుందని లెక్కలో ఒకే విలువ ఇస్తే డిస్కు చల్లబడినట్లే కనిపిస్తుంది. నిజంలో ఇరుకు రంధ్రంలో గాలి కదలిక వేరు, చక్రం చాటున గాలి ప్రవాహం వేరు, ప్యాడ్ కప్పి ఉన్న క్షణాలు వేరు.

ఇది విద్యార్థుల శ్రమను తక్కువ చేయడం కాదు. విశ్లేషణ ఇచ్చే జవాబు దానికి ఇచ్చిన ఊహల పరిధిలోనే నిజమవుతుంది. పైగా ‘ఈ డిస్కు కొన్ని డిగ్రీలు చల్లగా ఉంది’ అన్న ఫలితాన్ని ‘ఈ డిస్కుతో కారు త్వరగా ఆగుతుంది’ అన్న వాగ్దానంగా మార్చడానికి శాస్త్రంలో దారి లేదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

అసలు పరీక్ష కనుమ దారిలో

కిరుమాంబాక్కం పరిసరాలు సమతలమైన తీర భూములు. ఇక్కడ బ్రేకు వేసిన తరువాత డిస్కు చల్లారడానికి సాధారణంగా వ్యవధి దొరుకుతుంది. అదే కారు కుటుంబంతో తిరుమల యాత్రకు బయలుదేరితే పరిస్థితి మారుతుంది. కొండ మీది నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు సుమారు 19 కిలోమీటర్లు. దిగవలసిన ఎత్తు సుమారు 700 మీటర్లు. 1,500 కిలోల కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 10,300 కిలోజౌళ్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆపినంత వేడి అది. 40 నిమిషాల్లో దిగినా, ఆ పొడవునా నాలుగు కిలోవాట్లకు పైగా వేడి ఉత్పత్తి అవుతూనే ఉంటుంది. రెండు పెద్ద వాటర్ హీటర్లు ఆపకుండా నడిచినట్లు.

బ్రేకు సామర్థ్యానికి నిజమైన పరీక్ష ఇది. ఒకసారి గట్టిగా ఆపడం కాదు, మళ్లీ మళ్లీ ఆపినా పట్టు సడలకపోవడం. ఇక్కడ గాట్ల వంటివి ప్యాడ్ పట్టును నిలపడంలో కొంత సాయపడవచ్చు. కానీ వాటికన్నా ముందు నిలిచేవి డిస్కు బరువు, వాయుమార్గాల రూపకల్పన, ప్యాడ్ తట్టుకోగల ఉష్ణోగ్రత, బ్రేకు ద్రవం తాజాదనం. అన్నిటికన్నా ముందు నిలిచేది ఖర్చు లేని ఉపాయం: తక్కువ గేరులో దిగడం. రెండో గేరులో ఇంజను ప్రతిఘటన ఆ వేడిలో పెద్ద వాటాను తన మీద వేసుకుంటుంది. గేరును న్యూట్రల్‌లో పెట్టి పెట్రోలు ఆదా చేద్దామనుకునే చోదకుడిని ఏ ఆకారపు డిస్కూ కాపాడలేదు.

ఉప్పు గాలి, ఈశాన్య రుతుపవనాలు

తీర ప్రాంతంలో మరో శత్రువు తేమ. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే భాగమైన తెలుగువారి యానాం మొదలుకొని కాకినాడ, విశాఖపట్నం, నెల్లూరు తీరాల దాకా ఇదే గాలి. రెండు రోజులు నిలిపి ఉంచితే డిస్కు మీద గోధుమ రంగు తుప్పు పొర కనిపిస్తుంది. నున్నని డిస్కు మీది పొర నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే రాలిపోతుంది. రంధ్రాల లోపల, గాట్ల అడుగున ప్యాడ్ తాకదు కనుక అక్కడి తుప్పు అలాగే ఉండి, దుమ్ముతో కలిసి గట్టిపడుతుంది. కొంతకాలానికి రంధ్రాలు పూడుకుపోయి, దేని కోసం డబ్బు పెట్టారో ఆ ప్రయోజనమే ఉండదు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ఈ తీరాన్ని తడిపివేసే రోజుల్లో తడి డిస్కు తొలి క్షణపు స్పందనలో రంధ్రాల డిస్కుకు స్వల్ప ఆధిక్యం ఉందనుకున్నా, రోడ్డు మీది నీటిని చీల్చవలసింది టైరు గాడులే. కార్ల టైర్లకు కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. ఆ హద్దుకు చేరిన టైరుతో, ఖరీదైన డిస్కుతో వాననీటిలో పరుగెత్తడం గొడుగు పట్టుకుని నదిలో దిగడం వంటిది.

తేమ ప్రభావం కంటికి కనిపించని చోట కూడా ఉంటుంది. బ్రేకు ద్రవం గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. నీటిని పీల్చుకున్న తరువాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు దిగుతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడి, పెడలు నేలను తాకినా బ్రేకు పడదు. సుమారు రెండేళ్లకొకసారి ద్రవాన్ని మార్పించడం డిస్కు ఆకారం ఇవ్వలేని భద్రతను ఇస్తుంది.

చట్టం మాటేమిటి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా మార్పులు చేయరాదని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని రీతిలో విడిభాగాలు బిగించి వాహనాన్ని మార్చే యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అరిగిన డిస్కు స్థానంలో అదే కొలతల నాణ్యమైన డిస్కు వేయడం మరమ్మతు. వ్యాసం, కాలిపర్, అమరిక మార్చడం వేరు. ఆ మార్పును బీమా సంస్థకు తెలపకపోతే ప్రమాదానంతరం పరిహారం విషయంలోనూ వివాదం తలెత్తవచ్చు.

ఐరోపా దేశాలు అమలు చేస్తున్న ఐక్యరాజ్యసమితి 90వ నిబంధన, మార్పిడి డిస్కులను లోహ స్వభావం, కొలతలతో పాటు ఉష్ణ అలసట పరీక్షకు, అధిక భార పరీక్షకు కూడా గురిచేయాలంటుంది. మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లారే క్రమంలో పగుళ్లు వస్తాయా అన్నదే ఆ పరీక్షల సారాంశం. కొనుగోలుదారు అడగవలసిన ప్రశ్న కూడా అదే. డిస్కు ఎంత అందంగా ఉంది అని కాదు, ఏ పరీక్షను తట్టుకుంది అని.

డబ్బు ఎక్కడ పెట్టాలి

బ్రేకు ఘర్షణ పదార్థాల తయారీ తెలుగు, తమిళ ప్రాంతాలకు కొత్త కాదు. రానే గ్రూపు బ్రేకు లైనింగుల కర్మాగారాలు పుదుచ్చేరిలోనూ, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. కారు తయారీదారు నిర్దేశించిన రకం ప్యాడ్లు, డిస్కులు పెద్ద పట్టణాలన్నింటిలో దొరుకుతాయి. కనుక బ్రేకులు మెరుగుపరచుకోవాలనుకునే యజమాని ముందు ఒక సహజమైన వరుస ఉంది.

మొదట టైర్లు. వాటి గాడి లోతు, గాలి పీడనం, వయసు చూసుకోవాలి. తరువాత బ్రేకు ద్రవం. ఆపై ప్యాడ్ల మందం, వాటి నాణ్యత. తరువాత డిస్కు మందం. ప్రతి డిస్కు మీదా సాధారణంగా దాని కనీస మందం ముద్రించి ఉంటుంది. దానికన్నా తగ్గితే మార్చక తప్పదు. మార్చినప్పుడు ఒకే ఇరుసు మీది రెండు డిస్కులనూ కలిపి మార్చాలి. కొత్త ప్యాడ్లు, డిస్కులు వేసిన తొలి రోజుల్లో మధ్యస్థ వేగాల నుంచి మృదువుగా పలుమార్లు బ్రేకు వేస్తూ, రెండింటి ముఖాలు ఒకదానికొకటి ఒదిగేలా చేయాలి. వాయుమార్గాలు వంపు తిరిగి ఉన్న డిస్కులకు ఎడమ, కుడి వేరువేరుగా ఉంటాయి. తారుమారుగా బిగిస్తే గాలి ప్రవాహం దెబ్బతింటుంది.

పందెపు బాట మీద తరచుగా నడిపేవారు నాణ్యమైన గాట్ల డిస్కును, దానికి తగిన ప్యాడ్లను ఎంచుకోవడంలో అర్థముంది. అయినా వారు పగుళ్ల కోసం క్రమం తప్పక తనిఖీ చేయాలి. రూపం నచ్చి కొనుక్కునేవారు రూపం కోసమే కొంటున్నామని తెలిసి కొనుక్కుంటే, నాణ్యతను సరిచూసుకుంటే పెద్ద హాని లేదు. హాని జరిగేది, ఆ డిస్కు వల్ల కారు త్వరగా ఆగుతుందని నమ్మి ముందు వాహనానికి మరింత దగ్గరగా, మరింత వేగంగా నడిపినప్పుడు. కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 70 శాతానికి పైగా మరణాలు అతివేగంతో ముడిపడినవే.

వేగం సగానికి తగ్గితే ఆగే దూరం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. పొడి రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంలో 49 మీటర్లు కావలసిన కారుకు, 50 కిలోమీటర్ల వేగంలో 12 మీటర్లు చాలు. కళాశాల గేటు ముందు పిల్లలు రోడ్డు దాటుతున్నప్పుడు ఆ 37 మీటర్లను ఇవ్వగల డిస్కు ఏ ఆకారంలోనూ లేదు. అది చోదకుడి కాలి కింద, యాక్సిలరేటరు దగ్గరే ఉంది.